కళ్లు తెరవని అమ్మవారి కింద పిల్లి

మా అత్తగారు బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో వెల్లుల్లి వలిచినా కిటికీలు తెరిపించేవారు. అలాంటి ఇంటి కోడలిని, యాభై దాటాక ఎండు చేపలు ఉడకబెట్టడం నేర్చుకున్నాను. నంద్యాల ఊరి చివర ఒక రేకుల షెడ్డులో, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, గిన్నె వైపు చూడకుండా గరిటె తిప్పుతూ. ఇదంతా ఒక పిల్లి కోసం.

ఆ షెడ్డు నడిపేది ఒక రిటైరైన టీచరమ్మ. పాత గొడ్ల పాక ఒకటి బాడుగకు తీసుకుని, బండ్ల కింద పడిన కుక్కల్ని, ఎవరో గోతంలో కట్టి కాలవ గట్టు మీద వదిలేసిన పిల్లుల్ని తెచ్చి సాకేది. నేను పొద్దున్నే వెళ్లి ఒక చెయ్యి వేసి, తర్వాత వచ్చి అంగడి తెరిచేదాన్ని. మాది పూజాసామాన్ల అంగడి. చేతులు ఎంత తోముకున్నా కర్పూరం పొట్లంలో చేపల వాసన వస్తోందేమోనని నాకే అనుమానం. మా ఆయనకు అనుమానం కూడా లేదు, రూఢిగానే తెలుసు. ఆయన పైకి అనడు. అంటే నేనేమంటానో ముప్పై ఏళ్లుగా వింటున్నాడు.

ఆ పిల్లి గోతంలో వచ్చిన రకమే. బూడిద రంగు, బక్క ప్రాణం. ఎప్పుడూ జలుబు. కళ్లు పుసి కట్టి అతుక్కుపోయేవి, ముక్కు దిబ్బడ వేసేది. ముక్కు పనిచేయకపోతే పిల్లికి తిండి కనిపించనట్టే లెక్క. పాలన్నం పెడితే మట్టిని చూసినట్టు చూసేది. వేడిగా, ఘాటుగా, మనకు కడుపులో తిప్పేంత వాసన ఉంటేనే మూతి పెట్టేది. అందుకే నా చేపల వంట. ఇక భయం సంగతి చెప్పనే అక్కర్లేదు. చీపురు చూస్తే భయం, గోతం చూస్తే భయం, ఎవరైనా దగ్గితే భయం. మొదట్లో నా మోచెయ్యి చీరేసింది. తర్వాత తర్వాత నేను కూర్చుంటే వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించి పడుకునేది. కళ్లలో చుక్కలు వేయించుకునేది. ఇంకెవరికీ చిక్కేది కాదు. షెడ్డులో అందరూ దాన్ని ‘నీ పిల్లి’ అనేవాళ్లు. నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

పశువుల డాక్టరు నాకు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు: “దీనికి రోగం సగం, భయం సగం. భయపడితే జలుబు తిరగబెడుతుంది. జలుబు చేస్తే తినదు. పిల్లి మనలాగా ఉపవాసాలకు తట్టుకోదమ్మా, రెండు మూడు రోజులు తినకపోతే లివరు పోతుంది. ఇంక మేమేం చేయలేం.” ఆ మాట నా బుర్రలో మేకులా దిగిపోయింది. అప్పటి నుంచి నేను ఎవరిని పలకరించినా మొదట నోట్లోకి వచ్చే మాట ‘తినిందా?’ అనే.

అలాంటి సమయంలో పాక యజమాని వచ్చి, ఆ జాగాలో కల్యాణమండపం కడుతున్నామని, ఖాళీ చేయమని చెప్పాడు. ఆయన తప్పేం లేదు, జాగా ఆయనది. టీచరమ్మకు మోకాళ్లు పోయాయి, మళ్లీ ఇంకోచోట మొదలుపెట్టే ఓపిక లేదు. కుక్కల్ని కర్నూలులో వాళ్లెవరో తీసుకుంటామన్నారు. పిల్లుల్లో బాగున్నవాటికి ఒక్కొక్కటిగా ఇళ్లు దొరికాయి. చివరికి ఇదొక్కటి మిగిలింది.

మా ఇంటికి తీసుకుపోలేను. మా ఆయనకు ఉబ్బసం. ఒకసారి ధైర్యం చేసి తెచ్చి మేడ మీద గదిలో పెట్టాను. మర్నాటికి ఆయన గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. అసలు పిల్లి మాత్రం నోరు మెదపలేదు. ఆయన మంచం మీద కూర్చుని ఆయాసపడుతూ, “దాన్నన్నా ఉంచుకో, నన్నన్నా ఉంచుకో” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు. సాయంత్రానికి పిల్లిని మళ్లీ షెడ్డుకు చేర్చాను.

అడగని మనిషి లేడు. బియ్యం వ్యాపారం చేసే మా బంధువు ఒకాయన వచ్చి, దాన్ని ఎగాదిగా చూసి, “ఎలకల్ని పడుతుందా?” అన్నాడు. ఇది ఎలకను చూస్తే ఎలకే దీన్ని పడుతుంది అన్నాను. ఆయన దండం పెట్టి పోయాడు. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు వచ్చి, తెల్లగా బొచ్చుగా ఉండేది లేదా అని అడిగారు. పిల్లిని అడుగుతున్నారో పౌడరు అద్దుకునే కుంచెను అడుగుతున్నారో అర్థం కాలేదు. కొందరు దాని కళ్లు చూసి మొహం తిప్పుకున్నారు. ఖాళీ చేయాల్సిన రోజు దగ్గర పడుతోంది. నేను కాలు కాలిన పిల్లిలా ఊరంతా తిరిగాను.

ఆఖరికి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. జబ్బు దాచలేదు. కళ్లలో చుక్కలు వేయాలి, మనిషిని చూస్తే దాక్కుంటుంది, చేపలు తప్ప తినదు అని రాశాను. మా ఆయన అది చదివి, “పెళ్లికూతురి లోపాలన్నీ ముందే చెప్పేస్తే సంబంధాలు యాడ నుంచి వస్తాయే?” అన్నాడు.

అయినా ఒక సంబంధం వచ్చింది, ఆళ్లగడ్డ నుంచి. మా అంగడిలో పెట్టుకున్న చిన్న రాతి వినాయకుణ్ణి చెక్కిన శిల్పి భార్య. విగ్రహం తెచ్చుకునేటప్పుడు ఆమె నంబరు తీసుకున్నాను, అంతే పరిచయం. ఆమే ఫోన్ చేసింది.

“అక్కా, ఆ పిల్లిని నాకియ్యి.”

“జబ్బుదమ్మా అది.”

“చదివినా లేక్కా. మా పిల్లి పోయి శానా దినాలాయ. పిల్లి లేని ఇల్లు నాకు ఇల్లు మాదిరి లేదు.”

నా ప్రాణం లేచి వచ్చింది. వెంటనే మళ్లీ కూలబడింది. వాళ్ల ఇల్లు నేను చూశాను. ముందంతా రాతిపని జరిగే ఆవరణ, వెనక ఇల్లు. వీధి పొడుగునా అదే పని. ఉలి దెబ్బలు, సుత్తి దెబ్బలు, రాయి కోసే మిషన్ల రొద, గాలి నిండా తెల్లటి దుమ్ము. ఎవరైనా దగ్గితేనే మూల నక్కే పిల్లిని, ముక్కు మూసుకుపోయిన పిల్లిని, అక్కడికి పంపాలా? అంతకంటే నేనే పీక నొక్కేస్తే పోలా అనిపించింది. కానీ వేరే ఇల్లు ఏది?

అదే అడిగాను. ఆమె దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి. పెరటి వైపు గది ఉంది, దుమ్ము అంత రాదు, వాకిలికి తడిగుడ్డ కడుతుంది. చేపల్లాంటి నీసు వండటానికి పెరట్లో వేరే పొయ్యి ఉంది. ఒక్కటే షరతు. రాతిపని జరిగే తావుకు మాత్రం నీసు వాసన రాకూడదు. అక్కడ దేవుళ్లు తయారవుతుంటారు. అది ఆమె భర్త తండ్రి కాలం నుంచి ఉన్న కట్టుబాటు. పిల్లి వెనక గదిలో ఉంటుంది కాబట్టి చిక్కేం లేదంది.

ఇక చప్పుడు సంగతి. నేను తెలివైనదాన్నని నాకొక నమ్మకం. ఆ తెలివికి ఒక ఉపాయం తట్టింది. ఆ వీధిలో అమావాస్య నాడు ఉలి ముట్టరు. నెలకు వాళ్లకు అదే సెలవు. ఆ రోజు పిల్లిని తీసుకుపోతే వీధి నిశ్శబ్దంగా ఉంటుంది, అది బెదరకుండా ఇల్లు చూసుకుంటుంది, ఒక పూట కడుపు నిండా తింటే మిగతాది మెల్లగా అలవాటవుతుంది. ఇదీ నా లెక్క.

మా ఆయన అడ్డం పడ్డాడు. “అమాస నాడు గడప దాటి ఎవురైనా బయల్దేరుతారా? పూజాసామాన్ల అంగడి పెట్టుకోనుండాం, నలుగురికి పంచాంగం మనమే చెప్తాం. నువ్వేమో అమాస నాడు పిల్లిని ఎత్తుకోని పోతాండావ్.”

“పిల్లికి పంచాంగం తెలీదు. చప్పుడు తెలుస్తుంది. గమ్మునుండండి” అన్నాను.

మూత ఉన్న బుట్టలో దాన్ని పెట్టి, పైన నా పాత చీర ముక్క కప్పి, బస్సెక్కాను. బుట్టలోకి దూర్చేటప్పుడు అది పెట్టిన కేకకు టీచరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. బస్సు కదిలాక ఒకటే ఏడుపు. శిరివెళ్ల దాకా ఆపలేదు. పక్క సీటు ముసలాయన బుట్టలోకి తొంగి చూసి, “ఏందమ్మా, అమాస నాడు పిల్లి ఎదురైతేనే వెనక్కి మళ్లుతాం, నువ్వు పక్కన కూసోబెట్టుకోని పోతాండావా” అని లేచి వెనక సీటుకు పోయాడు. నాకు మంచిదే అయింది, బుట్టను సీటు మీద పెట్టుకున్నాను. ఆళ్లగడ్డ చేరేసరికి బుట్టలో ఏ చప్పుడూ లేదు. చచ్చిపోయిందేమోనని మూత సందులోంచి వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది.

నా ఉపాయం పారింది. వీధి అంతా నిద్రపోతున్నట్టు ఉంది. సగం చెక్కిన నందులు, తల లేని ద్వారపాలకులు, గోనెపట్టాలు కప్పిన రాళ్లు, ఎక్కడా మనిషి అలికిడి లేదు. శిల్పి తలంటు పోసుకుని, తెల్ల పంచె కట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, “రాండమ్మా” అన్నాడు. పెరటి గదిలో మూత తీశాను. కొంచెం సేపు బుట్టలోనే ఉండి, తర్వాత బియ్యం డబ్బా వెనక్కి పోయింది. ఇంకొంచెం సేపటికి తల బయట పెట్టింది. ఆమె పెరటి పొయ్యి మీద చేపలు ఉడకబెట్టి తెచ్చింది. అది తినింది. పళ్లెం అంతా నాకింది. నాకు అక్కడికక్కడే ఆమె కాళ్లకు మొక్కుదామనిపించింది. చుక్కలు ఎలా వేయాలో చూపించి, సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చి, మా ఆయనతో గొప్పలు పోయాను.

మర్నాడు అంగడి తెరిచి దీపం పెడుతుంటే ఫోన్ మోగింది.

“అక్కా, పిల్లి కనపడలే.”

ఆమె ఏడుస్తున్నట్టే మాట్లాడింది. పొద్దున వీధి వీధంతా ఒక్కసారిగా పని మొదలైంది. సెలవు తర్వాతి రోజు కదా, అందరూ ఒకేసారి. పక్కింటి వాళ్ల రాయి కోసే మిషను పెరటి గోడ అవతలే. అది మొదలవగానే పిల్లి గదిలోంచి బాణంలా ఎగిరి వాకిలికి కట్టిన తడిగుడ్డను చీల్చుకుని పోయింది. ఎటు పోయిందో చూసినవాళ్లు లేరు.

అప్పుడు నాకు నా తెలివి అర్థమైంది. రోజూ మోగే వీధిని నేను దానికి మూగదిగా పరిచయం చేశాను. చప్పుడు ఉన్న రోజే తీసుకుపోయి ఉంటే బుట్టలోంచే విని, భయపడి, గదిలోనే ఒక మూల నక్కి ఉండేది. నిశ్శబ్దమైన ఇల్లు అని నమ్మించి, మర్నాడు దాని నెత్తిన పిడుగు వేశాను. మా ఆయన “అమాస…” అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేశాడు. అంగడి ఆయనకు వదిలేసి మొదటి బస్సు ఎక్కాను.

నేను వెళ్లేసరికి దొరికింది. దొరకడమంటే, ఎక్కడుందో తెలిసింది. ముందు ఆవరణలో, చప్పుడు నుంచి పారిపోయి సరిగ్గా చప్పుడు మధ్యకే పోయింది. భయపడ్డ ప్రాణి చప్పుడు ఎక్కడుందో చూడదు, చీకటి ఎక్కడుందో చూస్తుంది. అక్కడ ఒక అమ్మవారి విగ్రహం చెక్క దుంగల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉంది. మనిషెత్తు విగ్రహం. దాని కింద, దుంగల మధ్య, గోడకు ఆనుకుని దాక్కుంది. నేల మీద బోర్లా పడుకుని చూస్తే రెండు కళ్లు మెరిశాయి. ఒక కన్ను అప్పటికే సగం మూసుకుపోయింది. ముక్కు చుట్టూ తెల్లటి రాతిపొడి. తుమ్మింది. జలుబు తిరగబెట్టింది.

పిలిచాను. చెయ్యి పెట్టాను. బుసకొట్టింది. నాకే బుసకొట్టింది. విగ్రహాన్ని ఎత్తించాలంటే పదిమంది మనుషులు, గొలుసులు కావాలి, ఆ హడావిడికే అది గుండె పగిలి చస్తుంది. బయటికి రావాలంటే దానికదే రావాలి. రావడానికి ఆకలి ఒక్కటే దారి. పాలు పెట్టింది శిల్పి భార్య, పెరుగన్నం పెట్టింది, నెయ్యి కాచి పెట్టింది. దానికి వాసనే తెలియలేదు. నిన్న మధ్యాహ్నం తిన్న తిండి. ఇవాళ ఒక రోజు పోయింది. డాక్టరు మాట నా చెవుల్లో సుత్తిలా మోగుతోంది.

“చేపలు ఇక్కడికి తెద్దాం” అన్నాను.

శిల్పి అంతవరకు దూరంగా ఇంకో రాయి దగ్గర పని చేసుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, “ఆ మాట మాత్రం అనొద్దమ్మా. నీసు ఈ తావుకు రాగూడదు. మా నాయన బతికుండంగా రాల్యా, నేనుండంగా రాదు” అన్నాడు.

“అది చచ్చిపోతుందప్పా.”

“నేనేం జేసేది? దాన్ని నేను పిల్చినానా ఈడికి?”

భార్య ఏదో అనబోయింది. “నువ్వు గమ్మునుండు” అన్నాడు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ పొద్దున లేచి నలుగురికి పసుపు కుంకుమలు అమ్ముకునేదాన్ని, నోటికి ఏమొచ్చిందో చూసుకోలేదు.

“చేప వాసన రాకూడదు. సరే. రెండు రోజులు పోతే మీ అమ్మవారి కింద నుంచి చచ్చిన పిల్లి వాసన వస్తుంది. అది రావచ్చా?” అన్నాను.

ఆవరణలో పనివాళ్లు ఉలులు ఆపేశారు. శిల్పి భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన సుత్తి కింద పెట్టి లేచి వచ్చాడు. తిట్టి గెంటేస్తాడనుకున్నాను. గెంటేస్తే పిల్లి గతేమిటని అప్పుడు తట్టింది. ఆయన నా వైపు చూడలేదు. విగ్రహం తల దగ్గర గొంతుక్కూర్చుని, అమ్మవారి మొహం మీద దుమ్మును అరచేత్తో తుడిచాడు. కిరీటం, ముక్కుపుడక, పెదవులు అన్నీ అయ్యాయి. కళ్లు మాత్రం లేవు. కళ్లుండాల్సిన చోట నున్నగా ఉబ్బెత్తుగా రాయి ఉంది, అంతే. కళ్లు ఆఖరున చెక్కుతారని నాకు తెలుసు. మంచి ఘడియ చూసి, స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, సన్న ఉలితో కనుపాపలు గీస్తారు.

ఆ నున్నటి చోటును బొటనవేలితో తడిమి, “కండ్లు తెరవలేదు గదా” అన్నాడు. ఎవరితో అంటున్నాడో తెలియలేదు. మళ్లీ తనే, “కండ్లు తెరిచేదాంక ఇది రాయే” అన్నాడు.

చేపలు తేవడానికి భార్య పరుగున పెరట్లోకి పోయింది.

“ఒక మాట ఇనుకోండమ్మా” అన్నాడు నాతో. “అది బయటికి రావల్ల. వచ్చినాక ఈ తావంతా నేను కడుక్కుంటా, సుద్ధి చేసుకుంటా. అంతదాంక కండ్లకు ఉలి పెట్టను. ఈయమ్మను చేయించుకునే ఊరోళ్లు ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టుకోనుండారు. బేగా రాకపోతే నా మాట పోతుంది.”

నేను చేతులు జోడించాను. నోరు పారేసుకున్నానని చెప్పబోతే, “పనుండాది” అని పోయి సుత్తి అందుకున్నాడు. పని ఆపడం ఆయన వల్ల కాలేదు గానీ, ఆ రోజు పనివాళ్లందర్నీ ఆవరణ ఆ చివరికి మార్చాడు.

ఆ సాయంత్రం అది చేపముక్కను నాకింది. తినలేదు, నాకింది. దాన్ని అలా వదిలి బస్సెక్కడం నాకు చేతకాలేదు. శిల్పి భార్య బలవంతంగా పంపింది. తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అంగడిలో ఒత్తులు అడిగితే అగరుబత్తీలు ఇచ్చాను. ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చోవడం, ఆగలేక నేనే చేయడం.

“తినిందా?”

“రెండు ముక్కలు తినె.”

“చుక్కలు?”

“కండ్లకాడ చెయ్యి పెట్టనిస్తే గదక్కా. తింటాంటే ముక్కు మింద మాత్రం ఇంత పసుపు రాసినా.”

“పసుపా! ఎవరు రాయమన్నారు?”

“జలుబుకు మనం రాసుకోమా? అట్లనే రాసినా. మంచిగనే ఉండాదిలే.”

మళ్లీ మధ్యాహ్నం నేనే. “తినిందా?”

“అక్కా, నేను తిన్నానా అని ఒక్క దినమన్నా అడిగినావా నువ్వు?”

నవ్వాను. నవ్వుతూనే లెక్కేసుకున్నాను, రెండు ముక్కలు ఒక పూటకు సరిపోతాయా అని. ఇంకోవైపు ముహూర్తం దిగులు. ఎవరిదో ఊరి అమ్మవారు నా పిల్లి వల్ల కళ్లు లేకుండా పడుకుని ఉంది. మా అంగడికి ఎవరైనా ప్రతిష్ఠ సామాన్లకు వస్తే వాళ్ల ఊరి పేరు అడగడానికి కూడా భయమేసేది.

ఒక రోజు పొద్దున ఆమె ఫోన్ చేసినప్పుడు గొంతులోనే తెలిసింది. “అక్కా, వచ్చిండాది! తనంతట తనే. మా ఆయన సుత్తితో కొడతానే ఉండాడు, ఆ పక్క నుంచే నడుచుకోని వంటింట్లోకి వచ్చి నా కాళ్ల కాడ కూసునింది.” పళ్లెంలో పెట్టింది అంతా తినిందట. ఆమె ఒళ్లో పడుకుని చుక్కలు వేయించుకుందట. ఆవరణ అంతా కడిగించారట, కళ్లు తెరవడానికి ఘడియ పెట్టారట.

నేను ఆగాల్సింది. నాకు ఆగడం తెలియదు. ఒళ్లో పడుకుందట అన్న మాట విన్నాక నా కళ్లతో నేను చూడాలి. ఆ ఘడియ పెట్టిన రోజే, చెప్పకుండా, ఎండు చేపల సంచీ ఒకటి పట్టుకుని బయల్దేరాను. ముందు వైపు పూజ జరుగుతుంటుందని, సంచీతో అటు పోకూడదని, పెరటి సందులోంచి వెళ్లాను.

పెరటి వసారాలో ఆమె కూర్చుని ఉంది. పక్కన పళ్లెంలో మూతి పెట్టి అది తింటోంది. గోడ అవతల మిషను రొద చేస్తోంది, చెవులు చిల్లులు పడుతున్నాయి. అది చెవి కూడా కదిలించలేదు. కళ్లు శుభ్రంగా ఉన్నాయి. ఒళ్లు కాస్త నిండింది. “పుస్సు” అని పిలిచాను, షెడ్డులో పిలిచినట్టే.

తల ఎత్తింది. నన్ను చూసింది. నా చేతిలో సంచీని చూసింది. ఒక్క క్షణం. తర్వాత పళ్లెం తన్నేసి, వసారా దాటి, నడవలోంచి ముందు ఆవరణలోకి పారిపోయింది. వెనకే పరిగెత్తిన నేను నడవ గుమ్మంలోనే నిలబడిపోయాను. శిల్పి తడి పంచెతో, సన్న ఉలి చేత్తో పట్టుకుని అమ్మవారి తల దగ్గర కూర్చుని ఉన్నాడు. చుట్టూ పూలు, పసుపు నీళ్లు. పిల్లి ఆయన మోకాలి పక్క నుంచి దూరి, పాత చోటికే, విగ్రహం కిందికి పోయింది. మూతికి చేప ఇంకా అంటుకునే ఉంది.

శిల్పి ఉలిని కింద పెట్టాడు. అరిచినా బాగుండేది.

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చింది. “అక్కా, నువ్వు పో.”

“ఏమ్మా…”

“నువ్వుంటే అది బయటికి రాదు. నిన్ను జూస్తే మళ్లీ బుట్టలో పెట్టి ఎత్తకపోతావని దాని భయం. నువ్వు పో, నేను తెచ్చుకుంటా దాన్ని.”

“నేను దానికి…” అన్నాను. దానికి నేను ఏమేం చేశానో చెబుదామనుకున్నాను. చేపలు ఉడకబెట్టడం, ఊరంతా తిరగడం, నిద్ర లేకుండా గడపడం. ఎవరికి చెప్పాలి? నన్ను తప్ప ఎవరినీ నమ్మని పిల్లి, ఇప్పుడు ఆళ్లగడ్డలో ఉలి దెబ్బలకు బెదరదు, మిషనుకు బెదరదు, నాకు మాత్రం బెదురుతుంది. ఏడుపొచ్చింది. ఆమె ముందే ఏడ్చాను. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, సంచీ తీసుకుని, సందులోకి పంపి తలుపు వేసింది.

సందు మొదట్లో రాతిముక్కల కుప్ప పక్కన నిలబడ్డాను. పోలేను. అది మళ్లీ అక్కడే ఉండిపోతే? మళ్లీ తినడం మానేస్తే? ఆయన ఘడియ దాటిపోతే? ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎవరో పనివాడు అటు పోతూ, “ఎవురు కావల్లమ్మా?” అని అడిగాడు. ఎవరూ వద్దన్నాను.

చాలాసేపటికి తలుపు ఓరగా తెరుచుకుంది. ఆమె తల మాత్రం బయట పెట్టింది.

“వచ్చినాది అక్కా. వసారాలో తింటాంది. మా ఆయన మళ్లీ నీళ్లు చల్లుకోని కూసున్నాడు, ఘడియ ఇంకా ఉండాదంట.” కొంచెం ఆగి, “లోపలికి రావాకు” అంది. అని మెల్లగా తలుపు దగ్గరికి వేసింది. గడియ పెట్టలేదు.

వేలంత సందు ఉంది. కన్ను ఆనిస్తే వసారా కనిపిస్తుంది. తలుపు దాకా పోయి చెయ్యి పెట్టాను. లోపల ఆమె దాంతో ఏదో మాట్లాడుతోంది, చంటిపిల్లతో మాట్లాడినట్టు. తలుపును నా వైపు నుంచి గట్టిగా మూశాను. తర్వాత బస్టాండుకు నడిచాను.